మైనస్ ఒకటికి తలుపు తెరిచిన రోజు

"గొంతు చిన్నదైతే ఏం చేయాలి మేడం?"

ఈ ఏడు మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్కల టీచరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. సిలబస్ గురించో సెలవుల గురించో అడుగుతుందనుకున్నాను. ఆమె గొంతు గురించి అడిగింది. ఆ అడగడం కూడా నాకు సగమే వినపడింది. మేమిద్దరం ఒకే జాతి అని అప్పుడే తెలిసిపోయింది.

వయసులో నాకూ ఆమెకూ పెద్ద తేడా లేదు. కానీ ఈ వృత్తిలో ముందు చేరినవాళ్లు వెనుక చేరినవాళ్లకు పెద్దవాళ్లే కాబట్టి, ఒక సలహా చెప్పే హక్కు నాకు వచ్చినట్టే. గొంతు పెంచే పని పెట్టుకోవద్దన్నాను. చాక్‌పీసు ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు ఇంకొకరి చేతికి ఇవ్వాలో తెలిస్తే చాలన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే నా మొదటి ఉద్యోగం సంగతి చెప్పాలి. రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉంది కనుక ఆనాటి మాటలు నాకు బాగానే గుర్తున్నాయి. ఆమెకు చెప్పినదే, ఆమెలాంటి మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

అది యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గరలో, వరుస దుకాణాల మీద కట్టిన ఆడపిల్లల జూనియర్ కాలేజీ. కింద ఒకపక్క కుట్టుమిషన్ల రిపేరు, ఇంకోపక్క బేకరీ. రైలు వస్తే మా కిటికీ ఊచలు సన్నగా మోగేవి. ఎంత పెద్ద పాఠమైనా సరే, రైలు వచ్చిందంటే మాట మధ్యలో ఆపి నిలబడడం, అది పోయాక ఆపినచోటి నుంచే అందుకోవడం అక్కడి పద్ధతి. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేది. నాకైతే రైళ్లంటే మహా ఇష్టంగా ఉండేది. మాట్లాడకుండా ఉండడానికి అంత గౌరవమైన కారణం ఇంకే ఉద్యోగంలో దొరుకుతుంది?

లెక్కలకు ఇద్దరమే. నేనూ, పెద్దసారూ. ఆయన కార్వాన్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. వాళ్ల అన్నదమ్ములంతా తరాలుగా గుడిసేవలో ఉన్నవాళ్లు. "మా ఇంట్ల అందరు దేవుని దగ్గర పనిచేస్తరు, నేనొక్కన్నే దయ్యాల దగ్గర" అని పిల్లల వైపు చేయి చూపించేవారు. దయ్యాలు పడీ పడీ నవ్వేవి. కొందరు పిల్లల తల్లులకు కూడా ఆయనే పాఠం చెప్పారు. ఆయన గొంతుకు మాత్రం రైలు అడ్డం కాదు. కింద మిషన్ రిపేరు చేసే భాయ్‌కి కూడా త్రికోణమితి సూత్రాలు వచ్చని మేం వేళాకోళం చేసుకునేవాళ్లం.

ఆయన ప్రతి పాఠానికీ ఒక పాట కట్టేవారు. సహజ సంవర్గమానాలకు (ఇంగ్లీషులో లాగ్), అంటే పిల్లలు 'ఎల్ఎన్ లెక్కలు' అనే వాటికి కట్టిన పాట అన్నిటికంటే పేరు పొందింది. సార్ చేయి పైకెత్తి, "లాగ్ ఇంట్ల మైనస్‌కు..." అని ఆపేవారు. తరగతి మొత్తం బల్లలు చరుస్తూ "జాగా లేదు!" అని అరిచేది. బోర్డు మీద ఎక్కడైనా ln పక్కనున్న బ్రాకెట్‌లో మైనస్ తేలిందా, సార్ అడగక్కర్లేదు, వాళ్లే మొదలుపెట్టేవాళ్లు.

పాటలో తప్పు లేదు. ln పక్కనుండే బ్రాకెట్ లోపల సున్నా కంటే పెద్ద సంఖ్యే ఉండాలి. సున్నాకూ, మైనస్ సంఖ్యకూ సంవర్గమానం లేదు. అయితే ఈ లెక్కలు చేసేటప్పుడు రెండు ln లను కలిపి ఒకటి చేస్తాం. అప్పుడు లోపలివి రెండూ గుణకారమై వర్గ సమీకరణం ఒకటి వస్తుంది, దానికి రెండు జవాబులు వస్తాయి. ఆ రెంటిలో ఒకటి చాలాసార్లు దొంగ జవాబు. దాన్ని ఏరిపారేయాలి. అక్కడే పిల్లలు పాటను తమకు వీలైనట్టు వినేవాళ్లు. బ్రాకెట్ లోపల మైనస్ రాకూడదన్నది వాళ్ల చెవిలో పడేసరికి, జవాబు మైనస్ వస్తే కొట్టెయ్ అని మారిపోయేది. పుస్తకంలోని లెక్కలు చాలావరకు అలా కొట్టేసినా సరిపోయేవే. అందుకే ఆ అలవాటును ఎన్నేళ్లయినా ఎవరూ అనుమానించలేదు.

నాకు పాట కట్టడం రాదు. నేను ఇంకో దారి పట్టాను. ఆ గల్లీల్లో ఏ ఇంటికి వెళ్లినా గుమ్మానికి పరదా ఉంటుంది. గొలుసు చప్పుడు చేసి పక్కకు జరిగి నిలబడాలి. లోపల నుంచి "కౌన్?" అని వినపడుతుంది. పేరు చెప్తే "ఆవో" అంటారు, అప్పుడే లోపలికి అడుగు. మా పిల్లల్లో ఎవరింటికి వెళ్లినా ఇంతే. అందుకని, మనకొచ్చిన జవాబు గల్లీలోకి వచ్చిన చుట్టమనుకోండి అన్నాను. లెక్కలో ఎన్ని ln బ్రాకెట్లుంటే అన్ని తలుపులు. చుట్టం ప్రతి తలుపూ కొట్టాలి. లోపల ప్లస్ సంఖ్య తేలితే "ఆవో" అన్నట్టు. మైనసో సున్నానో తేలితే తలుపు తీయరు. చుట్టం ముఖాన ప్లస్ ఉందా మైనస్ ఉందా అన్నది మనకెందుకు? లోపలివాళ్లు ఏమన్నారన్నదే లెక్క.

పిల్లలు దీనికి 'దర్వాజా' అని పేరు పెట్టారు. అందరూ నవ్వారు, కొందరు చేశారు. చాలామంది చేయలేదు, ఎందుకంటే జవాబు తిరిగి వేసి సరిచూసే ఆ మెట్టుకు పరీక్షలో మార్కులు లేవు. నాకు చిన్నప్పుడు తెలుగు మీడియంలో లెక్క కింద 'సరిచూచుట' అని రాసి గీత గీయడం అలవాటు. ఈ పిల్లలకు ఆ మాటే కొత్త.

దర్వాజా వదలకుండా చేసేవాళ్లలో కిటికీ పక్క కూర్చునే అమ్మాయి ఒకతె. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేది, మిగతా రోజుల్లో రైళ్లు చూసేది. వాళ్ల నాన్న రైల్వేలో కీమ్యాన్. రోజూ పట్టాల వెంట మైళ్లు నడిచి, పట్టాను కిందికి పట్టి ఉంచే క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పోయే పని.

"నువ్వేం అవుతావ్?" అని ఒకసారి అడిగాను.

"సిగ్నల్ డిపార్ట్‌మెంట్ల పోవాలె మేడం. బాపు పట్టాల మీద నడుస్తడు. ఆ పట్టాల మీదికి ఎవరు రావాల్నో నేను చెప్త."

"అంటే మీ నాన్నకు ఆఫీసరువా?"

"ఇంట్ల ఇప్పుడు గూడ నేనే ఆఫీసర్ని మేడం" అని, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

ఆ కోరిక నెరవేరాలంటే లెక్కలున్న గ్రూపులో నిలవాలి. నిలవడమే కష్టంగా ఉంది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు తప్పింది. మా ప్రిన్సిపల్ మేడం పద్ధతేమిటంటే, తప్పినవాళ్లకు అందరితో పాటు ఇంకొక్క పరీక్ష. అందులోనూ తప్పితే, ఇంట్లోవాళ్లను పిలిచి ఫారం మీద సంతకం తీసుకుని కామర్స్ గ్రూపుకు మార్చడం. ఆమెకు పిల్ల మీద కోపమేమీ లేదు. "పై పరీక్షల ఫెయిలై ఇంట్ల కూసునుడు కంటె ఇది మంచిది గదా" అనేది. అందులో న్యాయం లేకపోలేదు. కానీ కామర్స్‌కు వెళ్తే సిగ్నళ్లు పోయినట్టే. వాళ్ల నాన్నకూ ఆ సంగతి తెలుసు.

ఆ రెండో పరీక్షకు పెద్దసారే పేపరు తయారుచేశారు. ఏటా ఇచ్చే ఎల్ఎన్ లెక్క ఒకటుంది:

ln(x + 2) + ln(x + 3) = ln 12

దీనికి 1, మైనస్ 6 వస్తాయి. మైనస్ 6 దొంగ, జవాబు 1. పాత పేపర్లు చూసి బట్టీ పట్టినవాళ్లను పట్టుకోవాలని ఈసారి సార్ గుర్తులు తిప్పారు:

ln(2 − x) + ln(3 − x) = ln 12

చిన్న మార్పు. ఇప్పుడు 6, మైనస్ 1 వస్తాయి. సార్ చేయి ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ మైనస్‌ను కొట్టేసింది. కీ లో జవాబు 6 అని రాసింది. పిల్లలకు వల వేసిన సారే ముందుగా అందులో పడ్డారు.

పేపర్లు నేను దిద్దాను. కీ పక్కన పెట్టుకునే దిద్దాను గానీ, ఆ లెక్క దగ్గరకొచ్చేసరికి అలవాటుగా నేనూ తలుపులు కొట్టి చూశాను. 6 వేస్తే మొదటి బ్రాకెట్ రెండులోంచి ఆరు, మైనస్ నాలుగు. తలుపు తెరుచుకోలేదు. మైనస్ 1 వేస్తే మొదటిది మూడు, రెండోది నాలుగు. మూడు నాలుగులు పన్నెండు. దాదాపు తరగతంతా 6 రాసింది, సార్‌ను అడిగేదాకా కీ ప్రకారం వాళ్ల మార్కులు అలాగే ఉంచాను. కిటికీ పక్క అమ్మాయి మాత్రం మైనస్ 1 రాసి, కింద రెండు చిన్న డబ్బాలు గీసి, ఒకదాంట్లో 3, ఇంకోదాంట్లో 4 వేసి, పక్కన 'ఆవో' అని రాసింది.

నేను ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వానంటే నమ్మండి. ఆ లెక్కకు నిండా మార్కులు వేశాను. వాటితో ఆ అమ్మాయి గట్టెక్కింది. అవి లేకపోతే లేదు.

పాసు మార్కుల అంచున ఉన్న పేపర్లన్నీ సార్ మళ్లీ చూస్తారు. చూశారు. మైనస్ 1 మీద ఎర్రగా అడ్డగీత పడింది. మొత్తం తగ్గి, ఆ అమ్మాయి మళ్లీ తప్పింది.

మా స్టాఫ్ రూంలో పెద్దవాళ్ల తప్పును తప్పు అనకూడదు. 'డౌట్' అనాలి. అందరికీ దాని అర్థం తెలుసు. చిన్నవాళ్ల మర్యాద నిలుస్తుంది, పెద్దవాళ్ల పరువు నిలుస్తుంది. నేనూ అదే దారిలో వెళ్లాను.

"సార్, ఒక డౌట్."

"అడగమ్మా."

"ఎల్ఎన్ లెక్క కీ లో ఆరు ఉంది సార్. మైనస్ ఒకటి కదా అని..."

సరిగ్గా అప్పుడే రైలు వచ్చింది. పద్ధతి ప్రకారం ఇద్దరం ఆగాం. రైలు పోయేసరికి నా వాక్యంలోంచి 'మైనస్ ఒకటి' ఒక్కటే ఆయన దగ్గర మిగిలింది.

"గదే నేను చెప్తున్న. ఆ పోరి మైనస్ ఒకటి రాసింది, నువ్వు పాపమని మార్కులేసినవ్. నీది మెత్త మనసమ్మా! గిట్లైతె ఎల్ఎన్ కాదు, ఎల్‌కేజీ చెప్పుకోవాలె."

"అది కాదు సార్..."

"ఫికర్ జేయకు. కామర్స్ ఏం తక్కువది గాదు. ఇగో, లుఖ్మీ తిను, వేడిగ ఉంది. తర్వాత చూద్దాం."

కింది బేకరీలోంచి వచ్చిన వేడి వేడి లుఖ్మీ, అంటే చదరపు సమోసా, చేతిలో పెట్టుకుని ఎవరైనా వాదించగలరా? నేను తిన్నాను. ఆయన స్కూటర్ తీసుకుని వెళ్లిపోయారు.

మార్కుల సంగతి అటుంచండి. నన్ను కుదురుగా ఉండనివ్వనిది 'మెత్త మనసు' అన్న మాట. నేను జాలిపడి వేసిన మార్కులు కావు అవి. చాంద్రాయణగుట్ట బస్సులో కూర్చుని ఆ లెక్కను ఇంకో రెండు దారుల్లో చేశాను. బొమ్మ గీసి చూశాను. చదువుదామని సంచీలో పెట్టుకున్న నవల తెరవనేలేదు. ఫ్లైఓవర్ దిగేసరికి నాకు ఇక ఏ సందేహమూ లేదు. ఇంటికి వెళ్లి డైరీలో ఒకే వాక్యం రాశాను: 'నాది మెత్త మనసు కాదు, మైనస్ ఒకటి.'

మర్నాడు పొద్దున మెట్ల మీద ఆ అమ్మాయి ఎదురైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బాపు వస్తుండు మేడం. సంతకం పెట్టనీకి. డ్యూటీ దిగి సీదా ఈడికే."

"ఆ ఎల్ఎన్ లెక్క నువ్వు సరిచూశావు కదా?"

"చూసిన."

"ఏమొచ్చింది?"

"పన్నెండే వచ్చింది."

"మరి?"

"మరి సార్ తప్పన్నరు గదా మేడం. సార్‌కు తెల్వదా?"

ఆ మాటతో నేనేం చేయాలో ఖాయమైంది. మార్కులు పోతే ఎలాగో సంపాదించుకోవచ్చు. తను చేతులారా కొట్టి తెరిపించిన తలుపును, ఎవరో మూసి ఉందన్నారని నమ్మే అమ్మాయి రేపు సిగ్నల్ దగ్గర నిలబడి ఏం చేస్తుంది?

ఆ కాలేజీలో పేపర్లు చూపించే తీరు వేరుగా ఉండేది. ఎవరి పేపరు వాళ్లకివ్వరు. పక్క బెంచీతో మార్చుకోవాలి. సార్ వేదిక మీద నిలబడి కీ చదువుతూ పోతారు, పిల్లలు ఒకరి పేపరు ఒకరు మళ్లీ సరిపోల్చాలి. నేను వెనుక నిలబడి, లొల్లి కాకుండా చూడాలి. ఆ రోజు సార్ ఎల్ఎన్ లెక్క దగ్గరకొచ్చి "జవాబు ఆరు" అన్నారు. తరగతిలో సంతోషంగా టిక్కులు పడ్డాయి.

నేను వెనుక నుంచి నడిచి వేదిక దగ్గరకు వచ్చాను. పిల్లలకు అది వింత. నేనెప్పుడూ సార్ తరగతిలో ముందుకు రాలేదు. చాక్‌పీసు తీసుకుని లెక్క బోర్డు మీద రాశాను. కింద 'సరిచూచుట' అని రాసి గీత గీశాను. చాక్‌పీసు సార్ ముందు పెట్టాను.

"సార్, ఆరు వేసి సరిచూడడం నాకు రావట్లేదు. ఒకసారి మీరు చూపిస్తారా?"

పక్కకు జరిగి నిలబడ్డాను, గొలుసు కొట్టినవాళ్లు నిలబడినట్టు.

"ఓస్, గింతేనా!" అన్నారు సార్. ఆయనలో నాకు నచ్చేది అదే. బోర్డు మీద లెక్క చేసి చూపించమంటే ఎప్పుడూ కాదనరు. చొక్కా చేతులు పైకి మడిచి, పిల్లల వైపు తిరిగి గొంతెత్తారు. "చెప్పుండ్రి బిడ్డా. ఎక్స్ దగ్గర ఆరు వేస్తున్నం. మొదటి బ్రాకెట్. రెండుల నుంచి ఆరు పోతే?"

"మైనస్ నాలుగు సార్!"

ఆయన ln(−4) అని రాశారు. రాసి, చాక్‌పీసు ఎత్తే లోపలే వెనుక బెంచీల్లోంచి ఎవరో అందుకున్నారు. అలవాటు కదా. "లాగ్ ఇంట్ల మైనస్‌కు..."

"జాగా లేదు!"

బల్లలు దడదడ మోగాయి. మోగుతూ మోగుతూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏమన్నారో వాళ్లకే మెల్లగా తెలిసొచ్చింది. సార్ బోర్డు వైపే చూస్తున్నారు.

అప్పుడు గూడ్సు వచ్చింది. గూడ్సు అంటే తొందరగా పోయేది కాదు. పద్ధతి ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. కిటికీ ఊచలు మోగుతూనే ఉన్నాయి. సార్ ఆ చప్పుడులోనే, ఎవరికీ చెప్పకుండా, పక్కన మైనస్ 1 వేశారు. మొదటి బ్రాకెట్ మూడు. రెండోది నాలుగు. 3 × 4 = 12. కింద సన్నగా గీత గీశారు.   లెక్క తేలిపోయింది. ఇక సార్ ఏమంటారన్నదే మిగిలింది.

రైలు పోయాక ఆయన వెనక్కి తిరిగారు. "ఇన్నేండ్ల సంది నేను మీకు నేర్పిన పాట, ఇయ్యాల మీరు నాకు పాడిండ్రు" అన్నారు. నవ్వుతూనే అని, చాక్‌పీసు కింద పెట్టారు. "కీ ల తప్పుంది. జవాబు మైనస్ ఒకటి."

లొల్లి మొదలైంది. అందరికంటే ముందు మొదటి బెంచీ అమ్మాయి లేచింది. తరగతిలో మొదటి ర్యాంకు ఎప్పుడూ ఆమెదే. నాలుక కూడా అంతే పదును.

"క్యా సార్! మీరు కొట్టెయ్యుమంటెనే కొట్టేసినం. ఇప్పుడు మా మార్కులు కట్ జేస్తరా? యే కైసా ఇన్సాఫ్, ఇదేం న్యాయం?"

"నేను మైనస్ జవాబు కొట్టెయ్యుమన్ననా? లోపల మైనస్ ఉండొద్దన్న."

"గట్లెప్పుడన్నరు సార్! పాటల లోపల, బయట అని యాడుంది?"

సార్ తల ఊపారు. "సచ్ బాత్" అన్నారు. "నిజమే, పాటల లేదు. మీ మార్కులు ఎవ్వరియి పోవు. ఎల్లుండి ఇంకొక్క లెక్క ఇస్త. అది చేసినోళ్లకు ఈ మార్కులు నిలుస్తయ్. ఈ బిడ్డకు మాత్రం ఇయ్యాల్నే." కిటికీ పక్క అమ్మాయి పేపరు అప్పుడు ఎవరి దగ్గరుందో వెతికి తీసుకుని, తన అడ్డగీతను తానే కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. "పా అమ్మా," అని నన్నూ, "నువ్వు గూడ రా" అని ఆ అమ్మాయినీ పిలిచి, ముందు నడిచారు.

ఆఫీసు గదిలో వాళ్ల నాన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. భుజాన తువ్వాల, కాళ్లకు పట్టాల దుమ్ము. ఫారం మీద అప్పటికే సంతకం చేసేశాడు.

"అన్నా, ఆ సంతకం పనికిరాదు" అన్నారు సార్ గుమ్మంలోంచే.

ఆయన కంగారుగా లేచాడు. "ఎందుకు సార్? మంచిగనే పెట్టిన గదా."

"తప్పు నీది గాదు, నాది. నీ బిడ్డ పాసైంది."

ప్రిన్సిపల్ మేడం కళ్లద్దాలు తీసింది. సార్ రెండు ముక్కల్లో చెప్పారు. ఆమె పేపరు చూసింది, నన్ను చూసింది. "నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా నువ్వు?"

నేను నోరు తెరిచే లోపలే సార్ అందుకున్నారు. "చెప్పింది మేడం. డౌట్ అన్నది. నేను లుఖ్మీ పెట్టిన."

వాళ్ల నాన్నకు ఇవేవీ పట్టలేదు. ఆయన కూతురి వైపు తిరిగాడు. "మరి రాత్రంత ఏడిస్తివి గదనే, తప్పు రాసిన అని?"

"సార్ తప్పన్నరు బాపు."

"సార్ సంగతి ఇడువు. నువ్వు చూస్కున్నవా లేదా?"

"చూస్కున్న."

"చూస్కున్నంక ఏడుసుడేందే!"

విసుక్కుంటున్నట్టే అన్నాడు. అంటూనే తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు.

ప్రిన్సిపల్ మేడం ఫారం చింపబోయింది. అమ్మాయి చేయి చాపింది.

"చింపకుండ్రి మేడం. వెనక ఖాళీగనే ఉంది. ఎల్లుండి రఫ్ వర్క్‌కు పనికొస్తది."

గదిలో మొదట నవ్వింది ప్రిన్సిపల్ మేడమే.

సార్ చెప్పిన రోజు వచ్చింది. ఆయన ఎప్పటికంటే ముందే తరగతికి వచ్చి, బోర్డు మీద ఒకే ఒక లెక్క రాశారు:

ln(x − 4) + ln(1 − x) = ln 2

నా పక్కకు వచ్చి, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో, "డౌట్లుంటె ఇప్పుడే చెప్పమ్మా" అన్నారు. నేను మనసులో చేసి చూశాను. చేసి, ఆయన వైపు చూశాను. ఆయన మీసాల చాటున నవ్వుకుంటున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. డౌట్లేమీ లేవు.

తరగతి లెక్కలో పడింది. బ్రాకెట్లు గుణించారు, వర్గ సమీకరణం వచ్చింది, జవాబులు 2, 3 వచ్చాయి. మొదటి బెంచీ అమ్మాయి ముఖం వెలిగింది.

"సార్, రెండు గూడ ప్లస్సే! రెండు రాయాల్నా?"

"నన్నెందుకడుగుతున్నవ్ బిడ్డా? తలుపులు కొట్టు."

ఆమె గొణుక్కుంటూ కొట్టింది. ఇంతలో కిటికీ పక్క అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో గ్రూపు మార్పిడి ఫారం, వెనుక వైపు తిప్పి ఉంది. నాలుగు డబ్బాలు గీసి ఉన్నాయి. ఇద్దరు చుట్టాలకూ రెండేసి తలుపులు. నాలుగింటిలోనూ మైనస్‌లే.

"సార్, ఎవ్వరు తలుపు తీస్తలేరు."

"అయితే జవాబేంది?"

"జవాబు లేదు సార్. గదే జవాబు."

"మరి రెండు మంచిగ ప్లస్ మొఖాలేసుకొని వచ్చిండ్రు గదా?"

"మొఖం చూసుడెందుకు సార్. లోపల చూసినంకనే."

సార్ తరగతి వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుని చూపించారు. "సమజైందా? లోపల ఇద్దరు మైనస్‌గాళ్లే. చేతులు కలిపి గుణించుకున్నరు, ప్లస్ అయిండ్రు, పెద్దమనుషుల లెక్క బయటికొచ్చిండ్రు. ఒక్కొక్కన్ని విడిగ నిలబెట్టి అడిగితేనే దొరుకుతరు." బల్లలు మోగాయి. ఈసారి పాట లేదు, ఉత్త బల్లలే.

నేను ఇన్నాళ్లూ తలుపులు కొట్టమని చెప్పాను గానీ, అంత అందమైన లెక్క నాకెప్పుడూ తట్టలేదు. తప్పు దొరికిన రెండో రోజుకే ఆ తప్పులోంచి అలాంటి లెక్క తీసిన మనిషి దగ్గర పనిచేశానని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

పేపర్లు పోగుచేసుకుని స్టాఫ్ రూంకు వచ్చాం. దిద్దడానికి కీ కావాలి కదా. సార్ తెల్లకాగితం తీసుకుని మెట్లన్నీ రాశారు, ఒక్కో మెట్టు పక్కన దాని మార్కులు వేశారు. అంతా అయ్యాక పెన్ను మూతపెట్టి, మళ్లీ తీశారు. కింద ఇంకో గీత గీసి, తెలుగులో 'సరిచూచుట' అని రాశారు. ఎన్నడూ మార్కులు లేని ఆ మెట్టు పక్కన రెండు మార్కులు వేసి, కాగితం నా వైపు తోశారు.

"చూస్కో అమ్మా," అన్నారు, "ఒకసారి తలుపు కొట్టి."